గడువు తీరినా మా లేబుల్‌తోనే అమ్ముతున్నాడు, నష్టం ఎలా లెక్కకట్టాలి?

ప్రశ్న: మాది బరంపురం. అత్తగారి కాలం నుంచి ఆవకాయ, అప్పడాల వ్యాపారం. మా పేరు ట్రేడ్‌మార్కుగా రిజిస్టరైంది. రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మా లేబుల్‌తో అమ్ముకోమని ఒక వ్యాపారితో మూడేళ్ల ఒప్పందం రాసుకున్నాం. అమ్మకాలపై 4 శాతం రాయల్టీ. ఆయన ఆ జిల్లాల బయట, మా పాత గిరాకీ ఉన్న పర్లాకిమిడిలోనూ అమ్మాడు. గడువు తీరినా లేబుల్ వదల్లేదు. మా అమ్మకం ఏడాదికి 12 లక్షలు పడిపోయింది. షరతులు మీరితే 10 లక్షలు ఇవ్వాలని ఒప్పందంలో ఉంది. ఇవన్నీ, ఆయన లాభంతో సహా, రాబట్టుకోవచ్చా?

జవాబు: అన్నీ కలిపి రావమ్మా. ఒకే నష్టానికి రెండుసార్లు పరిహారం ఇవ్వరు. ముందుగా గడువు లోపల జరిగినదాన్ని, తీరాక జరిగినదాన్ని విడదీయండి.

బాకీపడ్డ రాయల్టీకి నష్టం నిరూపించక్కర్లేదు, ఆయన అమ్మకాలు తేలితే చాలు. ఇన్‌వాయిస్‌లు, జీఎస్టీ రిటర్నులు కోర్టు ద్వారా అడగండి.

పర్లాకిమిడి దగ్గరే అసలు చిక్కు. 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద, ఆయన మాట మీద నిలబడి ఉంటే మీ చేతికి వచ్చేది ఎంతో అదే పరిహారం. 12 లక్షలు అమ్మకం, నష్టం కాదు. ఆ సరుకు మీరు పెట్టలేదు కనుక మామిడికాయ, నూనె, కారం, సీసాలు, రవాణా ఖర్చు మీకు మిగిలింది. అది 9 లక్షలనుకుంటే నష్టం 3 లక్షలు. షాపు అద్దె మాత్రం తీసేయకండి. అమ్మినా అమ్మకపోయినా కట్టేదే అది. ఇక ఆ నష్టం ఆయన వల్లే వచ్చిందని చూపాలి. ఏ దుకాణం ఏ నెల నుంచి మీ సరుకు మానేసి ఆయన సరుకు ఎత్తుకుందో బిల్లులతో సహా రాసిపెట్టండి. మీ తెలుగు చిట్టాలు పనికొస్తాయి, అనువాదం జతచేయాలి. ఈ 3 లక్షలు అడుగుతూ అవే సీసాలపై రాయల్టీ కూడా అడిగితే అవతలి వకీలు వదలడు.

10 లక్షల షరతు చూసి ధీమా పడకండి. 74వ సెక్షన్ కింద అది గరిష్ఠ హద్దు మాత్రమే. దానికి లోబడి సమంజసమైనంతే ఇస్తారు. 1963 నాటి సుప్రీంకోర్టు ఫతే చంద్ తీర్పు నుంచి ఇదే మాట. నష్టాన్ని నిరూపించే వీలున్నచోట నిరూపించాల్సిందేనని 2015లో కైలాశ్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

గడువు తీరాక చేసింది 1999 ట్రేడ్‌మార్కుల చట్టం కింద ఉల్లంఘన. 135వ సెక్షన్ ప్రకారం మీ నష్టమో, ఆయన లాభమో ఏదో ఒకటే కోరుకోవాలి. నా సలహా ఆయన లాభమే. రాయగడలో మీరు అమ్మడమే లేదు కదా, అక్కడ పోయిన అమ్మకం ఏమని చూపిస్తారు? ఒప్పందం మీద సంతకం చేసినవాడికి మార్కు సంగతి తెలియదనే సాకూ లేదు.

దావా బరంపురం పరిధిలోనే వేయొచ్చు. మీరు వ్యాపారం చేసే చోట వేసే హక్కు 134వ సెక్షన్ ఇస్తోంది. 3 లక్షలు, ఆపైన విలువైన వాణిజ్య దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. తక్షణ నిలుపుదల ఉత్తర్వు కోరితే మాత్రం నేరుగా వెళ్లొచ్చు. ఆయన ఇంకా అమ్ముతున్నాడు కనుక అదే కోరండి. రాయల్టీ ఏ వాయిదాకు ఆ వాయిదా మూడేళ్లలో కాలదోషం పడుతుంది (ఆపైన దావా వేసి రాబట్టలేరు), పాత వాయిదాల తేదీలు ఈ వారమే చూసుకోండి.