పాత నావెల్టీ రికార్డులకు మేలైన ధ్వనిని వెతుక్కోవడం ఎలా?

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో గత శతాబ్దం నడిమి కాలంలో వెలువడిన నావెల్టీ రికార్డులను, అంటే నవ్వించడానికే పుట్టిన ఆ వింత పాటలను, మంచి ధ్వనితో సేకరించుకోవాలని ఉందనీ, ఒకే పాట ఒక్కో చోట ఒక్కో రకంగా వినిపిస్తుంటే దేన్ని నమ్మాలో తెలియడం లేదనీ రాశావు. నన్నడిగితే, ధ్వని నాణ్యత కంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: నీ చేతికి వచ్చింది అసలు రికార్డింగేనా? ఈ తరహా పాటలు చాలావరకు చిన్న కంపెనీల నుంచి వచ్చి, కొన్నాళ్లు మారుమోగి ఆగిపోయినవి. హక్కులు చేతులు మారిన తరువాత, చవక సంకలనాల కోసం అదే గాయకుణ్ణి మళ్లీ స్టూడియోకు పిలిచి పాడించిన సందర్భాలు కోకొల్లలు. అట్ట మీద ‘అసలు కళాకారులు’ అని ఉంటుంది. అది అబద్ధమేమీ కాదు, అసలు రికార్డింగని మాత్రం ఎక్కడా ఉండదు. అందుచేత నిడివిని సరిచూడు, ఆ పైన నవ్వును పోల్చు. ఒకే గాయకుడు అదే బాణీని ఇరవై ఏళ్ల తరువాత యథాతథంగా పాడగలడేమో గాని, అదే చోట అదే ఊపిరితో నవ్వలేడు.

రెండో చిక్కు దొంగ స్టీరియో. 1960లలో స్టీరియోకు గిరాకీ పెరగడంతో పాత మోనో (ఒకే చానెల్) టేపులను రెండు చానెళ్లుగా విడదీసి, ఒక వైపు హెచ్చు స్వరాలు, మరో వైపు మంద్ర స్వరాలు పెంచి విడుదల చేశారు. కాపిటల్ అనే రికార్డు కంపెనీ ఈ పద్ధతికి డ్యుయోఫోనిక్ అని పేరు పెట్టింది. అటువంటి ప్రతిలో రెండు చానెళ్లను కలిపి వింటే గొంతు తరచూ డొల్లగా వినిపిస్తుంది. నిజమైన స్టీరియో దొరికినా వెంటనే సంబరపడకు. గొంతు, వాద్యాలు విడివిడిగా ఉన్న ట్రాకుల టేపు నుంచి తరువాతి కాలంలో కొత్తగా మిశ్రమం చేసినప్పుడు, ఆనాడు చివరి మోనో ప్రతిలో చేర్చిన గంటలు, కేకలు, తలుపుల చప్పుళ్లు జారిపోయే ప్రమాదం ఉంది. అవి లేని నావెల్టీ పాట ఎంత స్వచ్ఛంగా ఉన్నా నాకు అక్కర్లేదు.

ఇంకో మాట. ఒక పాటకు మంచి ప్రతి వెతికేముందు అది ఎలా తయారైందో తెలుసుకో. 1958లో డేవిడ్ సెవిల్ అనే పేరుతో రాస్ బాగ్డసేరియన్ చేసిన ‘విచ్ డాక్టర్’లో గొంతును సగం వేగంతో నడుస్తున్న టేపు మీద పాడి, మామూలు వేగంతో వినిపించి ఆ కీచుగొంతు తెప్పించారు. అదే పద్ధతిలో అదే ఏడాది వచ్చిన ‘చిప్‌మంక్ సాంగ్’కు, 1959లో జరిగిన మొట్టమొదటి గ్రామీ ప్రదానంలో ఇంజనీరింగుకు కూడా బహుమతి దక్కింది. పిల్లల తమాషా పాటే కదా, ధ్వని ఎలా ఉంటేనేం అనుకునేవారికి నేను చెప్పే జవాబు ఇదే. దీనికి పూర్తిగా భిన్నమైనది 1956 నాటి ‘ఫ్లయింగ్ సాసర్’. బుకానన్, గుడ్‌మన్ ఇద్దరూ అప్పటి హిట్ రికార్డుల ముక్కలను కత్తిరించి అతికించి చేసిన ఆ రికార్డులో ఒక్కో ముక్క ఒక్కో తీరుగా వినిపించడమే సహజం. అన్నీ సమానంగా నిగనిగలాడే ప్రతి ఎదురైతే ఎవరో చేయి చేసుకున్నారని అనుమానించు. అలాగే నెపోలియన్ ఫోర్టీన్త్ పేరుతో 1966లో వచ్చిన పాటలో తాళం మారకుండానే గొంతు పైకి లేస్తుంది. అది కావాలని చేసిన పని కనుక, టర్న్‌టేబుల్ వేగం తప్పిందని భ్రమపడి సవరించకు.

టేపు రాకముందరి రికార్డుల సంగతి వేరు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రికార్డుల తయారీకి వాడే లక్కకు కరువొచ్చి, పాత రికార్డులను నూరి కలిపి కొత్తవి అచ్చు వేయడంతో ఆనాటి 78లలో (నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులలో) గరగర ఎక్కువ. స్పైక్ జోన్స్ హాస్య వాద్యబృందం పాటలు వెతికేటప్పుడు ఇది నీకు ఎదురవుతుంది. అయితే ఆ బృందం రేడియో స్టేషన్ల కోసం 16 అంగుళాల ట్రాన్‌స్క్రిప్షన్ డిస్కుల మీద కూడా వాయించింది, వాటి ఉపరితలం 78ల కంటే నిశ్శబ్దంగా ఉంటుంది. కాకపోతే అది వేరే ప్రదర్శన, కాబట్టి నీకు తెలిసిన రికార్డుకు బదులుగా కాక, దాని పక్కన పెట్టుకో. ఇక పునర్విడుదలల్లో, గరగరను మితిమీరి తుడిచేసినవాటిని గుర్తుపట్టడానికి గంట మోగే చోటు విను. గంట నాదం సన్నగిల్లుతూ సాగకుండా పుటుక్కున తెగిపోతే, లేదా మాటకూ మాటకూ మధ్య హిస్ (టేపు, రికార్డుల బుస చప్పుడు) మాయమై మాటతో పాటే తిరిగి వస్తుంటే, ఆ ప్రతిని పక్కన పెట్టు. కొంత గరగరను చెవి త్వరలోనే మరచిపోతుంది, పోయిన గంట మాత్రం తిరిగి రాదు.

సొంతంగా వాయించుకునేట్టయితే 78లకు సుమారు 75 మైక్రాన్ల ముల్లు, ఆనాటి మోనో 45లకు (నిమిషానికి 45 చుట్లు తిరిగేవాటికి) 25 మైక్రాన్ల ముల్లు వాడాలి. 1954లో ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) ప్రమాణం రాకముందు ఒక్కో కంపెనీ ఒక్కో ఈక్వలైజేషన్ (గాడి కోసేటప్పుడు హెచ్చు, మంద్ర స్వరాలను తగ్గించి పెంచే లెక్క) పాటించింది కనుక, ఆ పాతవాటికి టోను సవరింపు తప్పదు. లక్క రికార్డును ఆల్కహాల్‌తో ఎన్నడూ తుడవకు, కరిగిపోతుంది. 45లలో వినైల్ కాక స్టైరీన్ అనే మరో ప్లాస్టిక్‌తో చేసినవి ఉంటాయి. పాత బరువైన ముళ్ల కింద అవి త్వరగా అరుగుతాయి, ఆ బరబర కడిగినా పోదు.

సీడీల విషయంలో కొత్తది మేలైనదనే లెక్క ఇక్కడ చెల్లదు. హాస్యమంతా గుసగుసకూ ఢామ్మనే చప్పుడుకూ మధ్య ఉన్న ఎడంలోనే ఉంటుంది. రీమాస్టర్ పేరుతో అంతటినీ ఒకే గట్టితనానికి లేపితే ఆ చప్పుడుకు ఉలిక్కిపడేవాడెవడు? అందువల్ల 1980ల చివర, 90ల మొదట్లో వచ్చిన సీడీలను తక్కువ చూపు చూడకు. ఏ టేపు నుంచి, ఏ రికార్డు నుంచి తీసుకున్నారో సీడీతో వచ్చే చిన్న పుస్తకంలో రాసే కంపెనీలను ముందుగా నమ్ము. ఉచితంగా వినాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ 78ల సంగ్రహం ఉంది, అందులో చాలా రికార్డులను వేర్వేరు పరిమాణాల ముళ్లతో వాయించి విడివిడిగా పెట్టారు. ఒకే గాడి ఏ ముల్లుకు శుభ్రంగా పలుకుతుందో అక్కడ నీ చెవితోనే తేల్చుకోవచ్చు.

రెండు ప్రతులను పోల్చేటప్పుడు ముందు వాల్యూమును సమానం చెయ్యి, ఎందుకంటే గట్టిగా వినిపించేదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. 45 కొనేటప్పుడు లేబులుకూ చివరి గాడికీ మధ్య ఖాళీలో చెక్కిన మాట్రిక్సు అంకెల ఫొటో అడుగు. లేబులు ఒకటే అయినా ఆ అంకెలు మారితే, వేరే మాస్టర్ నుంచి కోసిన ప్రతి కావచ్చు. ఆ ఫొటో పంపడానికి బద్ధకించే అమ్మకందారు దగ్గర ఎక్కువ ధర పెట్టకు.

శుభాశీస్సులతో,
నీ పెదనాన్న