హైదరాబాద్ పక్కన రెండెకరాల్లో వారాంతాల్లో మాత్రమే ఉంటూ ఆవును, కోళ్లను, తేనెటీగలను పెంచవచ్చా?

శంకర్‌పల్లి వైపు రెండెకరాలు కొన్నామని, ఇద్దరికీ నగరంలో ఉద్యోగాలని, శని ఆదివారాలు పిల్లలతో వెళ్లి వస్తూ కూరగాయలు, ఒక ఆవు, కొన్ని కోళ్లు, రెండు తేనెపెట్టెలు పెట్టుకోవచ్చా అని అడిగారు.

పెట్టుకోలేరు. చెట్లయితే పెంచుకోండి. డ్రిప్ వేసి, వారానికోసారి చూసుకుంటే మామిడి, సీతాఫలం, ఉసిరి బతికేస్తాయి. జీవాలకు మాత్రం రోజూ మనిషి కావాలి. ఆవుకైనా బర్రెకైనా పొద్దునా సాయంత్రం పాలు పిండాల్సిందే, దానికి ఆదివారం లేదు. కోళ్లగూడు ఒక్క రాత్రి మూయకపోతే తెల్లారేసరికి కుక్కలో ముంగిసో పని కానిచ్చేస్తాయి. వాచ్‌మన్‌ను పెడతామంటారు చాలామంది. వాచ్‌మన్ గేటును చూసుకుంటాడు. కోడి ముక్కుతూ ఒక మూల కూర్చుందంటే అది జబ్బని పట్టుకునేది ఇంటి మనిషే.

మేం చేవెళ్ల దగ్గర పొలంలోనే ఉంటాం. మా ఆయన ఇక్కడి నుంచే గచ్చిబౌలికి వెళ్లొస్తారు. బర్రె, మేకలు, కోళ్లు మా అత్తమ్మ చూసుకుంటుంది. కూరగాయల మడులు నావి. తేనెపెట్టెలు నావీ, మా పెద్దమ్మాయివీ. మీరు తేనెటీగల గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి, శివరాత్రి వెళ్లాక ఒక పొద్దున జరిగింది చెప్తాను.

అప్పటికి మునగ విరగబూసింది, కానుగ మొదలవుతోంది. ఈగలకు తిండి దండిగా ఉన్న రోజులు. ముందు వారమే మా అమ్మాయి పెట్టె తెరిచి, తేనెపట్టు కింది అంచున వేరుశనగ కాయల్లా వేలాడుతున్న గదులు చూపించింది. అవి కొత్త రాణులు పెరిగే గదులు. అవి మూసుకున్నాయంటే పాత రాణి సగం ఈగలను వెంటబెట్టుకుని వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఆ రోజు స్కూల్ బస్సు హారన్ కొడుతుండగానే పెట్టెలోంచి ఈగలు ధారగా బయటికొచ్చాయి. ఆకాశమంతా అవే. చిన్నోడు ఏడుపు, బర్రె తాడు లాక్కుంటోంది, నాకు టెన్షన్. అత్తమ్మ మాత్రం కదలకుండా పైకే చూస్తూ, "ఉరకకుండ్రి బిడ్డా. కడుపు నిండ తేనె తాగి బయల్దేరినయి, కుట్టయి" అంది. అది నిజం. కొత్త చోటికి పోయే ఈగలు దారిఖర్చు కింద తేనె నింపుకుని వెళ్తాయి. కాపాడుకోవడానికి ఇల్లు కూడా లేదు కాబట్టి వాటికి అప్పుడు కోపం తక్కువ.

అవి వెళ్లి పక్క పొలం గెట్టు మీద మునగకొమ్మకు గుత్తిగా పట్టాయి. ఆ కొమ్మ కిందే ఆ పొలం పెద్దాయన దోసతోట, మంచి పూత మీద ఉంది. ఆకులకు పెంకుపురుగు పట్టిందని ఆయన మందు కలిపి, పంపు భుజానికి ఎత్తుకుని అప్పుడే సాలులోకి దిగుతున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఆ గుత్తీ పోయేది, పూల మీద వాలిన మిగతా ఈగలూ పోయేవి. అత్తమ్మ గెట్టు మీదికి ఎక్కి ఒకటే కేక: "ఓ అన్నా, పంపు దించు! మా ఈగలు నీ చెట్టు మీద ఉన్నయి!" ఆయన ఒక్క మాట అనలేదు. పంపు దించి, "పొద్దుగూకినంక కొడ్త తియ్యి చెల్లె" అని, తనే నిచ్చెన తెచ్చి వేశాడు.

మా అమ్మాయి బస్సు ఎక్కలేదు, నేనూ ఎక్కమనలేదు. అత్తమ్మ గంప లోపల నిమ్మగడ్డి నలిపి రాసింది. ఆ వాసన ఈగలకు ఇష్టం. గంపను గుత్తికి పైన బోర్లించి కట్టి, కింద నుంచి పిడక పొగ సన్నగా పట్టాం. ఈగలు చీకటి వైపు, పైకి నడుస్తాయి. మొదట కొన్ని లోపలికి పోయాయి. తర్వాత చూస్తే, గంప అంచున కొన్ని నిలబడి, తోక వైపు పైకెత్తి, రెక్కలు గబగబా ఆడిస్తున్నాయి. ఇక్కడికి రండని మిగతావాటికి వాసనతో పిలుపు అది. రాణి లోపలికి వెళ్లిందని మా అమ్మాయి నాకంటే ముందే చెప్పింది. సాయంత్రం గంపను తెచ్చి ఖాళీ పెట్టెలోకి దులిపాం. పాత పెట్టెలోంచి పిల్ల ఈగలున్న పట్టు ఒకటి తీసి అందులో పెట్టాం. పిల్లల్ని వదిలి ఈగలు సులువుగా పోవు.

మర్నాడు స్కూల్లో సెలవు చీటీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసి పంపాను. ఇలా కాదు, జ్వరమని రాయించుకు రమ్మన్నారు. నాకు ఇప్పటికీ కోపమే. సైన్సు పాఠం కళ్లముందు చూసి వచ్చిన పిల్లతో అబద్ధం రాయించడం ఏం చదువు?

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మా ఈగల్ని ఆ రోజు కాపాడింది నా నేర్పు కాదు, పక్క పొలం ఆయన మంచితనం. తేనెటీగ మన రెండెకరాల్లో తిని బతకదు. కిలోమీటరు దాటి తిరుగుతుంది. అంటే మీ తేనెపెట్టె తినేది ఊరి పొలాల్లోనే. పక్కాయన ఏ రోజు ఏ మందు కొడతాడో తెలిసి ఉండాలి, సాయంత్రం ఈగలు ఇల్లు చేరాక కొట్టన్నా అని అడిగే చనువు ఉండాలి. శనివారం కారు దిగి ఆదివారం వెళ్లిపోయేవాళ్లకు ఆ చనువు ఎక్కడిది? ఊరికి దక్కే లాభం కూడా ఉంది. దోసలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈగ తిరగకపోతే పిందె సరిగ్గా కట్టదు, కాయ వంకర పోతుంది. ఆ ఏడు పెద్దాయన కాయలు ఒక్క తీరుగా వచ్చాయి. అది మా ఈగల పనే, నాకు అనుమానం లేదు. టమాటా కోసం తేనెపెట్టెలు కొనేవాళ్లకు మాత్రం ఒక మాట. టమాటా పువ్వును గట్టిగా పట్టుకుని ఝుమ్మని వణికించాలి, పుప్పొడి అప్పుడు బాగా రాలుతుంది. ఆ పని తుమ్మెదలకు వచ్చు, తేనెటీగలకు రాదు.

ఇప్పుడు మా చుట్టూ గుంటల లెక్కన ప్లాట్లు అమ్ముతున్నారు. కొన్నవాళ్లు ముందు ప్రహరీ కడతారు, తర్వాత లాన్ వేస్తారు. పువ్వే లేని ఆ గడ్డి ఈగకు ఎడారితో సమానం. గెట్ల మీది కానుగలు, వేపలు గోడ కోసం కొట్టేశారు. శనివారం రాత్రి డీజే. దీన్ని పొలం అనకండి, దయచేసి.

తేనె గురించి ఇంకొకటి. చలికాలంలో మా తేనె పేరుకుంటే చక్కెర కలిపారని తిరిగి ఇచ్చినవాళ్లున్నారు. తేనెలోని గ్లూకోజు గడ్డకట్టడం సహజం. నీళ్లలో వేయడం, అగ్గిపుల్ల వెలిగించడం లాంటి పరీక్షలతో ఏదీ తేలదు.

మీ అమ్మానాన్నలో అత్తమామలో అక్కడ ఉంటామంటే సంగతి వేరు. అప్పుడు మొదటి ఏడు కోళ్లతో మొదలుపెట్టండి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన వనరాజ, గ్రామప్రియ పెరటికి బాగుంటాయి, కొక్కెర రోగానికి టీకా మానకండి. గెట్ల మీద మునగ, కానుగ నాటండి, మడుల పక్కన తులసి పెట్టండి. తేనెపెట్టె రెండో ఏడు తెచ్చుకోండి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. పెట్టె తెచ్చే ముందు చుట్టుపక్కల పొలాల వాళ్లందరి దగ్గరికీ ఒకసారి వెళ్లి, ఈగలు తెస్తున్నామని చెప్పి రండి, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.