తిరిగి రాని ఫారాల సంగతి

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ థీసిస్ సర్వేకి 400 ప్రశ్నల ఫారాలు పంచితే 120 నింపి తిరిగొచ్చాయనీ, తెలిసినవాళ్ళ చేత ఇంకో వంద నింపించేస్తాననీ రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. లెక్క నిండుతుంది, థీసిస్ చెడుతుంది.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్‌దే గెలుపని అచ్చేశారు. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌వి! ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ళ, అంటే ఆ రోజుల్లో కాస్త డబ్బున్నవాళ్ళ, జాబితాలు పట్టుకోవడం ఒక పొరపాటైతే, రూజ్‌వెల్ట్ అంటే గిట్టనివాళ్ళు పనిగట్టుకుని జవాబివ్వడం రెండోది. 20 లక్షలే కాపాడలేదు, నీ వంద ఏం కాపాడుతుంది?

ఆ 280 మంది ఎవరో చూడు. వయసు, ఉద్యోగం, ఏ విభాగం అన్న వివరాలు నీ జాబితాలో ఎలాగూ ఉంటాయి. వారం పది రోజులు ఆగి ఒకసారి గుర్తుచెయ్యి, తర్వాత ఇంకొక్కసారి. అంతకు మించి వెంటపడకు, వద్దన్నవాళ్ళని అసలు కదపకు. గుర్తుచేశాక వచ్చినవాటిని విడిగా కట్టి, ముందు వచ్చినవాటితో పోల్చు. రెండింటికీ బాగా తేడా ఉంటే, అసలు రానివాళ్ళు ఇంకా వేరుగా ఉండొచ్చని అనుమానించాలి. తేడా లేకపోయినా పూర్తిగా నిశ్చింత కాదనుకో.

‘ఐదు నిమిషాల పని’ అని రాశావు. నేను నింపితే పావుగంట పట్టింది. ఉన్నమాట చెప్పు. ‘మీరెవరో ఎవరికీ తెలియదు’ అంటూనే మూలన నంబరు వేశావే, అది మరీ అన్యాయం. గుర్తుచేయడానికే ఆ నంబరనీ, పని కాగానే పేర్ల జాబితా చింపేస్తాననీ గుర్తుచేసే ఉత్తరంలో స్పష్టంగా రాయి. రాసినట్టే చింపెయ్యి.

‘జీతం, పని వాతావరణం తృప్తిగా ఉన్నాయా?’ అన్నది ఒక ప్రశ్న కాదు, రెండు. జీతం చాలక, వాతావరణం నచ్చినవాడు ఎక్కడ టిక్కు పెడతాడు? అలాగని ఇప్పుడు ఫారం మార్చకు, పాతవాటితో కలపలేవు. విశ్లేషణలో ఆ ప్రశ్న వదిలెయ్, ఎందుకు వదిలావో రాయి. మొదటినుంచి చివరిదాకా ‘తటస్థం’ గీసుకుపోయిన ఫారాలు పక్కనపెట్టు, అవెన్నో కూడా చెప్పు.

గైడ్‌గారు అడిగితే 400కి 120, అంటే 30 శాతం అని ఉన్నదున్నట్టు చెప్పు. ముందు వచ్చినవీ తర్వాత వచ్చినవీ పోల్చిన పట్టిక తయారయ్యాక నాకోసారి పంపు.

మీ పెదనాన్న