సారా ద్వీపం వెళ్లే పడవ ఎక్కేముందు

చి. రవికి పెదనాన్న ఆశీస్సులు.

అమ్మానాన్నల్ని ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న మా టాస్మేనియా దీవికి తీసుకొచ్చి గోర్డన్ నది పడవ ఎక్కిస్తానన్నావు, మంచిదే. హోబార్ట్‌లో తెల్లారగట్ల బయల్దేరి అదే రోజు పడవ అందుకోవాలనే ఆలోచన మాత్రం మానుకో. పడవ బయల్దేరే ఊరు స్ట్రాన్, హోబార్ట్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, ఐదు గంటల దారి. పడవ పొద్దున్నే కదిలిపోతుంది. చీకట్లో నడిపితే చిన్న కంగారూల్లాంటి వల్లబీలు, బొరియల్లో ఉండే వోంబాట్లు కారుకి అడ్డం పడతాయి. ముందురోజు వెలుతురుండగానే చేరి, రెండు రాత్రులూ అక్కడే ఉండండి. పడవ దిగేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది, తిరుగు ప్రయాణంలోనూ అదే ప్రమాదం. న్యూ నార్‌ఫోక్‌లో ట్యాంకు నింపు. దారిలో సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో.

వాంతుల మాత్ర మీ అమ్మకి పడవ కోసం కన్నా క్వీన్స్‌టౌన్ దగ్గర కొండ దిగే మలుపుల కోసం కావాలి. గంట ముందే వేయించు. పడవ చాలాభాగం గోర్డన్ నది కలిసే పెద్ద అఖాతం మెక్వారీ హార్బర్ లోపలే తిరుగుతుంది. సముద్రంలోకి తెరుచుకునే ఇరుకు మూతి హెల్స్ గేట్స్ దగ్గరే ఊపు. అక్కడ ఇద్దరినీ మధ్య సీట్లలో కూర్చోబెట్టు. గాలి ఎక్కువుంటే కెప్టెన్ అవతలికి పోడు, దానికి నసపెట్టకు.

నదిలో నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి. మురికి కాదు, బటన్‌గ్రాస్ అనే గడ్డి పెరిగే చిత్తడి నేలల్లోంచి దిగే టానిన్, టీలో ఉండేలాంటి పదార్థం. గాలి లేనప్పుడు అడవంతా నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. అలల తాకిడికి ఒడ్లు కోసుకుపోతున్నాయని అక్కడ వేగానికి హద్దు పెట్టారు, కాబట్టి ఫోటోలకి కంగారక్కర్లేదు. నది ఒడ్డున పడవ ఆగే హెరిటేజ్ ల్యాండింగ్‌లో దిగి నడిచే చెక్కబాట తడిస్తే జారుతుంది. చెప్పులొద్దు, పట్టున్న బూట్లు వేయించు. గొడుగు ఆ గాలికి తిరగబడుతుంది, వాన జాకెట్లే తెచ్చుకోండి.

మీ నాన్నకి చరిత్ర పిచ్చి కదా, ఓపిక ఆ హార్బర్‌లోనే ఉన్న సారా ద్వీపానికి దాచుకోమను. బ్రిటన్ నుంచి శిక్షపడి ఇక్కడికొచ్చాక మళ్లీ నేరం చేసిన ఖైదీల్ని 1822 నుంచి 1833 దాకా అక్కడ ఉంచారు. వాళ్లచేత నది ఒడ్డున హ్యూన్ పైన్ అనే చెట్లు నరికించి, దుంగల్ని నీళ్లలో తేలించి తెచ్చి, ఓడలు కట్టించారు. ఆ కలపలో నూనె ఉంటుంది, అందుకే తడికి పుచ్చదు. ద్వీపం మీద ఇప్పుడున్న చెట్లు తర్వాత మొలిచినవే. అప్పుడది బోడి నేల, గాలి ఆపడానికి ఎత్తైన చెక్క దడులు కట్టుకున్నారు. ఇది తెలియకపోతే అక్కడంత హాయిగా ఉందే అనిపిస్తుంది. మిగిలింది కొన్ని మొండిగోడలూ ఇటుకలే కాబట్టి గైడు మాట వినపడేంత దగ్గరగా నడవండి. ఆ ఖైదీల స్థావరం మూసేశాక ఆఖరి ఓడ ఫ్రెడరిక్ పని ముగించడానికి ఉంచిన ఖైదీల్లో పదిమంది, 1834లో ఆ ఓడతోనే చిలీ దాకా ఉడాయించారు. ఆ కథ అడిగి చెప్పించుకోండి.

పడవలో పెట్టే భోజనం శాకాహారమని బుకింగప్పుడే రాయించు. మెల్‌బోర్న్ నుంచి వస్తూ పళ్లు, పచ్చి కరివేపాకు సర్దొద్దని అమ్మకి చెప్పు. చీడపీడల భయంతో అలాంటివి ఇక్కడికి తేనివ్వరు, ఎయిర్‌పోర్టులో తనిఖీ కుక్కలు వాసన పడతాయి.

ఇట్లు,
పెదనాన్న