పొగ ఉండదు కదా, హాష్ ఆయిల్ బ్రౌనీలు సేఫేనా?

డిసెంబరు 31కి మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో పార్టీ పెట్టుకున్నామనీ, ఫ్రెండ్ దగ్గర చిన్న సీసాలో హాష్ ఆయిల్ (గంజాయి నుంచి తీసే చిక్కటి జిగురు నూనె) ఉందనీ, బ్రౌనీల్లో కలిపితే పొగా వాసనా ఉండవు కాబట్టి పదిమందికి ఎంత వెయ్యాలో చెప్పమనీ అడిగావు. చెప్పను తమ్ముడూ. చెబుదామన్నా ఎవరివల్లా కాదు. ఆ సీసాలో ఏముందో నీకు తెలీదు, నీ ఫ్రెండ్‌కి తెలీదు, అమ్మినవాడికీ తెలీదు.

హైదరాబాద్ తిరిగొచ్చేముందు నేను కొన్నేళ్లు అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉన్నాను. కొలరాడోలో 2014 జనవరి 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకి గంజాయి లైసెన్సు షాపుల్లోనే అమ్ముతున్నారు. మా ఇంట్లో అందరం తెలుగువాళ్లమే. అందులో ఒకతనికి వంట పిచ్చి. అతను షాపు నుంచి కాన్సంట్రేట్, అంటే హాష్ ఆయిల్ లాంటి చిక్కబరిచిన గంజాయి సరుకు తెచ్చేవాడు. దాని డబ్బా మీద బ్యాచ్ నంబరు, ల్యాబ్‌లో తేలిన టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) శాతం అచ్చేసి ఉండేవి. మామూలు పువ్వులో టీహెచ్‌సీ 15, 20 శాతం ఉంటే, ఈ కాన్సంట్రేట్లలో 60 నుంచి 90 దాకా ఉంటుంది. అంటే ఒక్క గ్రాములో 600 నుంచి 900 మిల్లీగ్రాములు. అక్కడి రూల్ ప్రకారం తినే సరుకులో ఒక సర్వింగ్‌కి 10 మిల్లీగ్రాములు, ప్యాకెట్ మొత్తానికి 100 మించకూడదు. బియ్యపు గింజంత జిగురులోనే ఒక మనిషికి ఎక్కువయ్యేంత ఉంటుందన్నమాట.

అంత పక్కా లేబుల్ ఉన్న సరుకుతో కూడా ఇంట్లో ఏం జరిగిందో చెప్తా విను. నేను వంటింట్లోనే నిలబడి చూశాను. ఆ నూనె పిండిలో సమంగా కలవదు. గరిటె తిప్పుతుంటే తీగలా సాగింది, గిన్నె అంచుకి కొంత అంటుకుంది, ఒక పక్క ముద్దగా ఉండిపోయింది. పైకి మాత్రం అంతా ఒకే రంగు చాక్లెట్ పిండి. ట్రే బయటికి తీసి ఒకే సైజు ముక్కలు కోశారు. ఒకతను మూల ముక్క తిని హాయిగా క్రికెట్ చూస్తూ కూర్చున్నాడు. ఇంకొకతను మధ్య ముక్క తిన్నాడు. ముప్పావుగంటైనా ఏమీ తెలియట్లేదని ఇంకో ముక్క వేసుకున్నాడు.

అసలు ప్రమాదం ఆ రెండో ముక్కలోనే ఉంది. పీలిస్తే నిమిషాల్లో తెలిసిపోతుంది, చాలనిపిస్తే ఆపొచ్చు. తింటే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలీదు. కడుపు నిండా భోంచేసి ఉంటే ఇంకా ఆలస్యం. పైగా లివర్‌లో టీహెచ్‌సీ 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీ అనే ఇంకో పదార్థంగా మారుతుంది, దాని మత్తు బలంగా, ఎక్కువసేపు ఉంటుంది. మొదటి ముక్క ఎక్కడం మొదలయ్యేసరికి రెండోది కడుపులో ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు.

ఆ రాత్రి అతను బాత్రూమ్ నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని, నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. 'అన్నా, గుండె ఆగిపోతోంది, అమ్మకి ఫోన్ చెయ్' అని అదే మాట. నాడి చూస్తే పరుగులు పెడుతోంది. వాంతులు, చెమటలు, మధ్యలో మమ్మల్నే గుర్తుపట్టలేకపోవడం. విషం తిన్న కేసుల్లో ఫోన్‌లోనే సలహా చెప్పే పాయిజన్ సెంటర్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు పక్కనే కూర్చుని తెల్లారేదాకా కాపలా కాశాం. అతను బతికి బయటపడ్డాడు. అదే డెన్వర్‌లో 2014 మార్చిలో 19 ఏళ్ల విద్యార్థి ఒకడు షాపులో కొన్న కుకీలో చిన్న ముక్క తిన్నాడు. ఎక్కట్లేదని గంటలోపే మిగతాదంతా తినేసి, కొన్ని గంటలకి నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి దూకి చనిపోయాడు. ఆ కుకీ మొత్తంలో ఉన్నది 65 మిల్లీగ్రాములు. నీ ఫ్రెండ్ సీసాలో ఎన్ని వందలున్నాయో!

ఇక ఇక్కడి చట్టం. శివరాత్రికి, హోలీకి భంగు తాగుతారు కదా అంటావేమో. 1985 ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టంలో గంజాయి అనే మాట కిందకి పూత లేని విడి ఆకు (భంగు దాంతోనే చేస్తారు), గింజ రావు, అంతవరకే. హాష్ ఆయిల్ మాత్రం చరస్ (గంజాయి బంక) కిందే వస్తుంది. 100 గ్రాముల దాకా ఏడాది జైలు, అది దాటితే పదేళ్ల వరకు, కిలో దాటితే కనీసం పదేళ్లు. సీసాలో ఉన్నది పది గ్రాములే కదా అనుకోకు. మత్తుమందులో వేరే పదార్థం కలిపి ఉంటే మొత్తం బరువునే లెక్కలోకి తీసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు హీరా సింగ్ కేసులో చెప్పింది. పదిమందికి సరిపడా బ్రౌనీల ట్రే బరువు ఎంతుంటుందో నువ్వే ఊహించుకో. తెలిసి చోటిచ్చిన ఫామ్‌హౌస్ ఓనర్ మీద కూడా కేసు పడుతుంది. పది కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరగాలి.

నువ్వు రాయలేదు గానీ, ఆ పదిమందికీ చెప్పే పెడుతున్నారా? చెప్పకుండా పెట్టి నవ్వుకుందామనుకునేవాళ్లని నేను చూశాను. అది ఆట కాదు, మనిషికి విషం పెట్టడమే. బండి మీద తిరిగెళ్లేవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, ఇంట్లో మానసిక జబ్బు చరిత్ర ఉన్నవాళ్లు ఆ పదిమందిలో ఉండొచ్చు. మిగిలిన ముక్క ఎవరైనా ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెడితే పసిపిల్లలకి అది ఉత్త చాక్లెట్టే. అమెరికాలో ఆరేళ్లలోపు పిల్లలు ఇలాంటివి తిన్నట్టు పాయిజన్ సెంటర్లకి వచ్చిన కేసులు 2017లో 207, 2021లో 3,054. పిల్లలైతే మగతలోకి జారుకుని ఊపిరి మందగించే దాకా వెళ్తుంది.

ఎవరైనా ఇప్పటికే తినేసి ఉంటే ఒంటరిగా వదలొద్దు. బాల్కనీ, మేడ మెట్లు, బండి తాళాలు దూరంగా ఉంచండి. దాని మీద మద్యం తాగనివ్వొద్దు. వాంతులవుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. లేపినా లేవకపోయినా, ఛాతీ నొప్పి అన్నా, ఫిట్స్ వచ్చినా, తిన్నది చిన్నపిల్లలైనా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి. డాక్టరుకి ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఫుడ్ పాయిజన్ అని దాచిపెడితే అక్కర్లేని పరీక్షలతో గంటలు పోతాయి.

ఆ సీసా తెచ్చిన ఫ్రెండ్‌కి అది రోజూ లేకపోతే గడవని స్థితి ఉంటే, అతనికి పార్టీ కన్నా ముందు నువ్వు అవసరం. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అనే సెక్షన్ ఉంది. తక్కువ మోతాదు కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో గానీ చేరి చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రిలో చూస్తారు. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446.