చెయ్యి కంటే ముందు నడుము తిరగాలి అబ్బయ్యా

అబ్బయ్యా, క్రికెట్ మానేసి బేస్‌బాల్‌లో పిచ్చర్‌గా, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడిగా, రాష్ట్ర సెలెక్షన్స్‌కి వెళ్తున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కావలిలో మా ఇంటి వెనక చెట్టుకి రాళ్లు విసిరి చింతకాయలు రాల్చిన చెయ్యి కదా, ఎంత సంతోషమేసిందో. ఆ తర్వాతే భయం పట్టుకుంది.

వార్మప్ చెయ్, నీళ్లు తాగు, కాలికి సరిపోయే షూ వేసుకో. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా నీ మోచెయ్యి గురించి. ఇన్నాళ్లూ పరుగెత్తుకొచ్చి బౌలింగ్ వేశావు. పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ, ఆ మౌండ్ మీద ఆ పరుగుండదు, ఒక్క పెద్ద అడుగేసి 18.44 మీటర్ల అవతలికి విసరాలి. ఆ జోరు కాళ్లలో పుట్టి, తుంటి తిరిగి, నడుము మీదుగా భుజానికి చేరాలి. తడి లుంగీ పిండేటప్పుడు ఒక కొస ఆగి ఉంటేనే కదా మెలిక పడేది! అట్టాగే ముందు తుంటి తిరగాలి, ఛాతీ రవ్వంత ఆలస్యంగా తిరగాలి.

మా జిల్లా జట్టులో ఒక పిచ్చర్ ఉండేవాడు. ముందు కాలు నేల తాకకముందే వాడి ఛాతీ బ్యాటర్ వైపు తిరిగిపోయేది. బంతి జోరుగానే పోయేది కాబట్టి అందరం చప్పట్లు కొట్టేవాళ్లం, ఎవరూ ఆపలేదు. ఒళ్లు ముందే తిరిగిపోతే చెయ్యి వెనకబడుతుంది, దాన్ని అందుకోవడానికి భుజం మీద, మోచేతి లోపలి పక్క ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ మీద భారం పెరుగుతుంది. పెద్ద పిచ్చర్లకి భుజం సెకనుకి 7,000 డిగ్రీల వేగంతో తిరుగుతుందంటారు, ఆ లాగుడంతా అంత చిన్న చోట పడితే ఏమవుతుంది చెప్పు? వాడు సాయంత్రాలు మోచెయ్యి రుద్దుకునేవాడు, చిటికెనవేలు తిమ్మిరెక్కుతోందనేవాడు, జట్టులోంచి తీసేస్తారని కోచ్‌కి మాత్రం చెప్పలేదు. ఒకసారి ఒంగోలు బస్టాండు దగ్గర హోటల్లో టిఫిన్ తింటుంటే కుడిచెయ్యి మడిచి దోసె ముక్క నోటి దాకా తెచ్చుకోలేక, అటూ ఇటూ చూసి, ఎడమచేత్తో తిన్నాడు. ఆ తర్వాత వాడు మళ్లీ బంతి పట్టింది లేదు.

ఆ లిగమెంట్ తెగితే ఆపరేషన్ ఉందిగా అంటావేమో. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అమెరికా పిచ్చర్ టామీ జాన్‌కి చేశాడు, నిజమే, అతను 1989 దాకా ఆడాడు కూడా. కానీ 1975 సీజన్ మొత్తం పోయింది. అమెరికాలో అంత పెద్ద ఆటగాడికే అట్టా అయితే, నీకు ఇంటర్ పరీక్షలు కూడా ఉన్నాయి కదరా!

అలిసిపోతే కాళ్లు, నడుము ముందు మానుకుంటాయి, చెయ్యి ఒక్కటే మోస్తుంది. అందుకే అమెరికాలో 15, 16 ఏళ్ల పిల్లలకి రోజుకి 95 బంతులకి మించొద్దంటారు. నీకు అంతకంటే ముందే అలుపొస్తే అక్కడే ఆపెయ్. నొప్పిమాత్ర మింగి ఆడావని తెలిసిందా, నేనే బస్సెక్కి వచ్చి నిన్ను ఇంటికి లాక్కెళ్తా. కోచ్‌కి చెప్పడానికి మొహమాటమైతే నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే, ఆయనతో నేను మాట్లాడతా. ఈ ఏడు సెలెక్ట్ కాకపోయినా నువ్వు మాకు ముద్దే నాయనా.

ఆదివారంలోగా స్లో మోషన్ వీడియో పంపు. థర్డ్ బేస్ వైపు నుంచి, అంటే బ్యాటర్‌కి ఎదురుగా నిలబడితే నీ కుడిచేతి పక్క నుంచి, తల నుంచి పాదాల దాకా కనిపించేలా తీయించు. నీ ముందు కాలు నేల తాకే సమయానికి జెర్సీ ముందున్న అక్షరాలు ఇంకా కెమెరా వైపే ఉండాలి, అది నేను చూడాలి.

మీ మామయ్య