గోడ మీద హొకుసాయ్ అల: కాపీరైట్ అడ్డొస్తుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్‌లోకి వచ్చాం. హాల్లో జపాన్ చెక్క అచ్చు బొమ్మలు పెట్టాలని కోరిక. హొకుసాయ్ ‘పెద్ద అల’, హిరోషిగె వానలో వంతెన, హసుయి మంచులో గుడి, తోషి యోషిదా ప్రకృతి దృశ్యం ఒకటి నెట్‌లోంచి దించుకుని వెళ్తే, ప్రింటింగ్ షాపతను ‘కాపీరైట్ గొడవ సార్, వేయను’ అన్నాడు. మా బంధువులు కూడా అడుగుతున్నారు. కాపీలు వేయించి వాళ్లకు అమ్మవచ్చా?

జవాబు: షాపతని భయం మీ నాలుగు బొమ్మల్లో ఒక్కదానికే వర్తిస్తుంది. మన కాపీరైట్ చట్టం (1957) చెక్క అచ్చు బొమ్మల్నీ కళాకృతుల్లోనే చేర్చింది. 22వ సెక్షన్ ప్రకారం చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కాబట్టి ముందు చూడాల్సింది ఆయన పోయిన సంవత్సరం.

హొకుసాయ్ 1849లో, హిరోషిగె 1858లో పోయారు. వాళ్ల సంగతి వదిలేయండి. హసుయి దగ్గరే కాస్త ఆగాలి. ఆ జోజోజి గుడి బొమ్మ 1925 నాటిది, ఆయన మాత్రం 1957 దాకా ఉన్నారు. మన లెక్కన 2017తో గడువు తీరింది. జపాన్ 2018 చివర్లో గడువును 50 ఏళ్ల నుంచి 70కి పెంచిందని విని కొందరు కంగారుపడతారు. అక్కడ హసుయి హక్కు 2007తోనే ముగిసింది. ముగిసినదాన్ని కొత్త చట్టం తిరిగి బతికించలేదు.

చిక్కల్లా తోషి యోషిదాతోనే. ఆయన తండ్రి హిరోషి కూడా అచ్చు బొమ్మల చిత్రకారుడే. ఆయన 1950లో పోయారు కనుక ఆయన బొమ్మలకు అడ్డు లేదు. తోషి పోయింది 1995లో. అంటే మన దేశంలో 2055 ఆఖరు దాకా హక్కు ఉన్నట్టే. సొంత గోడకు ఒక్క కాపీ అంటే 52వ సెక్షన్‌లోని వ్యక్తిగత వాడకం మినహాయింపు చూపి వాదించవచ్చు. డబ్బు తీసుకుని వేసిచ్చే షాపుకు ఆ వాదన అంత సులువుగా అతకదు. అమ్మితే మాత్రం 63వ సెక్షన్ ఉంది: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. తోషి బొమ్మే కావాలంటే హక్కుదారుల అనుమతితో అచ్చయిన కాపీ కొనుక్కోండి.

ఫొటో ఎక్కడిదన్నదీ చూసుకోండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో, చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2018లో తమ దగ్గరున్న గడువు తీరిన కళాకృతుల ఫొటోలు ఎన్నిటినో ఎవరైనా వాడుకోమని వదిలేశాయి. ‘పెద్ద అల’ రెండు చోట్లా ఉంది. ‘పబ్లిక్ డొమైన్’ అని రాసున్న ఆ పేజీని షాపతనికి చూపించండి.

మిగతా మూడూ బంధువులకు అమ్ముకోవచ్చు. బిల్లు మీద ‘నకలు’ అని మాత్రం స్పష్టంగా రాయండి. ‘ఒరిజినల్’ అని అమ్మితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది అనుచిత వ్యాపారం. బంధువులు కేసు వేస్తారా అంటారేమో, నా దగ్గరికొచ్చే ఫైళ్లలో వాళ్లవేం తక్కువ కాదు.